అరవై కిలోల దారానికి ఏడువందల కిలోల చేప

పెరూ దేశపు ఉత్తర తీరంలో కాబో బ్లాంకో అనే చిన్న పల్లె ఉంది. దక్షిణం నుంచి వచ్చే చల్లని హంబోల్ట్ ప్రవాహం, ఉత్తరం నుంచి వచ్చే వెచ్చని నీరు ఆ ప్రాంతంలో కలుస్తాయి. చిన్న చేపలు అక్కడ కుప్పలు తెప్పలుగా ఉండేవి, వాటిని తినడానికి పెద్ద చేపలు వచ్చేవి. 1953 ఆగస్టు 4న ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ అనే అమెరికన్ అక్కడ గేలంతో ఒక నల్ల మార్లిన్‌ను పట్టాడు. మన కోస్తాలో కొమ్ముకోనాం అని పిలిచే చేపల్లో ఇదీ ఒకటి. తూస్తే 1,560 పౌండ్లు, అంటే దాదాపు 708 కిలోలు తూగింది. గేలానికి చిక్కిన నల్ల మార్లిన్లలో దాన్ని మించింది ఇప్పటికీ రికార్డుల్లోకి ఎక్కలేదు. ఆ పోరాటాన్ని తీసిన ఫిల్ములో కొంత భాగాన్ని తర్వాత 1958లో వచ్చిన ‘ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ’ సినిమాలో వాడుకున్నారు.

ఆ చేపను రికార్డు పుస్తకాల్లో 60 కిలోల తరగతి దారం కింద రాసుకున్నారు. అంటే అంత బరువును వేలాడదీస్తే తెగిపోయే దారం.

ఇక్కడే ఎవరికైనా సందేహం వస్తుంది. అరవై కిలోలకు తెగే దారం ఏడువందల కిలోల చేపను ఎలా ఆపింది? పెద్ద ఉప్పునీటి చేప కోసం ఏ రీలు కొనాలి, ఏ దారం చుట్టాలి అని అంగడిలో అడిగేవాళ్ళు నిజానికి ఈ ప్రశ్ననే ఇంకో రూపంలో అడుగుతుంటారు. దీనికి జవాబు తెలిస్తే ఆ రెండు ఎంపికలూ సులువవుతాయి. తెలియకపోతే ఎంత ఖరీదైన సామాను కొన్నా మొదటి పెద్ద చేప దాన్ని తెంపుకుపోతుంది.

నీళ్ళలో చేపకు బరువెంత?

నీళ్ళలో ఉన్న చేప బరువును దారం మోయదు. చేప శరీరం సాంద్రత నీటి సాంద్రతకు చాలా దగ్గరగా ఉంటుంది, కాబట్టి దాని బరువులో దాదాపు అంతా నీరే మోస్తుంది. ఏడువందల కిలోల చేపను పడవ మీదికి ఎత్తాలంటే కప్పీలు, తాళ్ళు, నలుగురు మనుషులు కావాలి. అదే చేప నీళ్ళలో నిశ్చలంగా ఉంటే దాన్ని ఒక మనిషి ఒక చేత్తో పక్కకు జరపగలడు.

దారం ఎదుర్కొనేది చేప బరువును కాదు, దాని తోక తోపును. తోపు ఎంత బలంగా ఉన్నా, ఎదురుగా ఏదో ఒకటి గట్టిగా పట్టి ఆపితేనే దారంలో ఆ బలమంతా పేరుకుంటుంది. స్తంభానికి కట్టిన దారాన్ని పెద్ద ట్యూనా ఒక్క ఊపులో తెంపేస్తుంది. అదే దారం మరో కొస జారిపోతూ ఉంటే, ఎంత బిగువుతో జారనిస్తే అంతే బిగువు దారంలో ఉంటుంది. పది కిలోల బిగువుతో జారే ఏర్పాటు చేస్తే, చేప ఎంత జోరుగా పరుగెత్తినా దారం మీద పడే లాగుడు పది కిలోల దగ్గరే ఉంటుంది. చేపకు మాత్రం ప్రతి మీటరు పరుగుకూ పది కిలోలు ఈడ్చిన శ్రమ అవుతుంది. అలా కొన్ని వందల మీటర్లు పోయేసరికి దాని కండరాలు అలసిపోతాయి. మనిషి చేప కంటే బలవంతుడు కావాల్సిన పని లేదు, కొలతగా వదిలే యంత్రం ఒకటి చేతిలో ఉండాలి.

పెద్ద చేపలకు వాడే రీలు ఆ యంత్రమే. దారాన్ని చుట్టుకోవడం దానికి రెండో పని.

బొటనవేలి నుంచి బ్రేకు దాకా

తొలినాళ్ళ రీళ్ళకు ఈ సౌకర్యం లేదు. దారం చుట్టిన కండెకు తిప్పే పిడిని నేరుగా బిగించేవాళ్ళు. చేప పరుగెత్తితే కండెతోపాటు పిడి కూడా వెనక్కి గిర్రున తిరిగేది. వేళ్ళు అడ్డం వస్తే కణుపులు చితికేవి. పరుగును తగ్గించడానికి ఉన్న సాధనం ఒక తోలు ముక్క. దాన్ని బొటనవేలితో కండె మీద అదిమిపెట్టేవాళ్ళు. చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ 1898లో కాలిఫోర్నియా తీరాన శాంటా కాటలీనా దీవి దగ్గర 183 పౌండ్ల నీలిరెక్కల ట్యూనాను ఇలాంటి సామానుతోనే గంటల తరబడి పోరాడి పట్టాడు. ఆ ఏడే అక్కడి అవలాన్ పట్టణంలో ట్యూనా క్లబ్ పుట్టింది. కర్ర, రీలుతో సముద్రపు పెద్ద చేపలను పట్టే క్రీడకు నియమాలు రాసుకున్న తొలి సంఘాల్లో అదొకటి.

అదే దీవి దగ్గర విలియం బోషెన్ 1913లో కత్తిచేపను పట్టాడు. రీలుతో ఆ చేపను పట్టడం అదే మొదలు. రీలు లోపలే బ్రేకు ఉండాలన్న ఆలోచన అతనిది. న్యూయార్క్ ప్రాంతపు పనివాడు జూలియస్ వామ్ హోఫ్ దాన్ని లోహంలో చేసి చూపించాడు. కండెకూ పిడికీ మధ్య పళ్ళచక్రంలో తోలు బిళ్ళలు, లోహపు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి, బయట నక్షత్రం ఆకారంలో ఒక మర పెట్టారు. మర బిగిస్తే బిళ్ళలు గట్టిగా ఒరుసుకుంటాయి, వదులు చేస్తే తేలిగ్గా జారతాయి. చేప పరుగెత్తితే కండె మాత్రమే వెనక్కి తిరుగుతుంది, పిడి కదలదు. ఇంగ్లీషులో డ్రాగ్ అనే ఈ ఏర్పాటును ఈ అధ్యాయంలో జారుపట్టు అందాం.

చేతితాడుతో చేపలు పట్టేవాళ్ళకు ఈ జారుపట్టు వాళ్ళ అరచేయే. అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి, ఉత్తరాంధ్రలోని మరెన్నో రేవుల నుంచి చిన్న పడవల్లో వెళ్ళి చేతితాళ్ళతో ట్యూనాలను, కొమ్ముకోనాలను పట్టే మత్స్యకారుల నేర్పు అసాధారణమైనది. ఎంత బిగువుకు తాడు వదలాలో వాళ్ళ వేళ్ళకు తెలుసు. కానీ చేతికి బ్రేకు బిళ్ళలు ఉండవు. తాడు మెలిపడి చేతికో కాలికో చుట్టుకుంటే ఇక వదలడం కుదరదు. 2025 జులైలో పూడిమడక నుంచి వేటకు వెళ్ళిన ఒక యువ మత్స్యకారుణ్ణి గేలానికి తగిలిన కొమ్ముకోనాం సముద్రంలోకి లాక్కుపోయింది. రీలుతో ఆడుకునేవాళ్ళకు క్రీడగా కనిపించే బలం ఇది. బతుకుతెరువు కోసం తాడు పట్టినవాళ్ళకు ప్రాణాపాయం. ఈ తేడాను ఈ విషయం రాసే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి.

నక్షత్రపు మరకు ఒక లోపం ఉంది. ఎంత తిప్పితే ఎన్ని కిలోల బిగువో చూసి చెప్పలేం. పోరాటం మధ్యలో కంగారుగా పావుచుట్టు ఎక్కువ తిప్పితే దారం తెగుతుంది. మీట రీలు ఈ ఇబ్బందిని తీర్చింది. ఇందులో బ్రేకు పళ్ళచక్రం లోపల ఇమిడే చిన్న బిళ్ళగా కాకుండా, కండె పక్కభాగమంత వెడల్పైన పలకగా ఉంటుంది. బయట ఉన్న మీటను వెనక్కి లాగితే కండె స్వేచ్ఛగా తిరుగుతుంది, ముందుకు తోస్తే బిగుస్తుంది. మధ్యలో ఒక ఆనవాలు దగ్గర మీట ఆగుతుంది. ఒడ్డునే కొక్కెం త్రాసు తగిలించి దారం లాగి చూసి, ఆ ఆనవాలు దగ్గర ఇన్ని కిలోలని ముందే సరిచేసుకోవచ్చు. చేప తగిలాక మీట ఎక్కడుందో చూస్తే బిగువెంతో తెలిసిపోతుంది. ఫ్లోరిడాలో 1930లలో టామీ గిఫర్డ్ అనే పడవ నాయకుడి తోడ్పాటుతో ఫిన్-నార్ రీళ్ళు వచ్చినప్పటి నుంచి పెద్ద పలక బ్రేకుకు ఆదరణ పెరిగింది. ఇవాళ మార్లిన్, ట్యూనా వేటకు వెళ్ళే పడవల మీద బరువైన తరగతుల్లో కనిపించేవి దాదాపు అన్నీ మీట రీళ్ళే.

ఆనవాలు దగ్గర బిగువు ఎంత ఉండాలి? దారం తెగే బరువులో మూడో వంతు దాటకూడదన్నది పాత అనుభవం చెప్పే లెక్క. జాగ్రత్తపరులు నాలుగో వంతు పెట్టుకుంటారు. 37 కిలోల దారానికి 9 నుంచి 12 కిలోలు. మిగిలిన రెండు వంతులు ఎందుకు వృథాగా వదలాలి అనిపిస్తుంది. అవి వృథా కావు. చేప వాటిని వాడుకుంటుంది.

కండె తరిగేకొద్దీ

ఒరుసుకునే పలకల పట్టు మారకపోయినా, దారం మీద పడే బిగువు మారుతుంది. నిండు కండె మీద దారం ఇరుసుకు దూరంగా ఉంటుంది, కాబట్టి తక్కువ బలంతోనే కండెను తిప్పగలదు. దారం వెళ్ళిపోయేకొద్దీ చుట్టు సన్నబడి ఇరుసుకు దగ్గరవుతుంది. చుట్టు వెడల్పు సగానికి తగ్గితే, అదే బ్రేకును జరపడానికి రెట్టింపు లాగాలి. నిండుగా ఉన్నప్పుడు 12 కిలోలకు పెట్టిన జారుపట్టు అప్పుడు 24 కిలోలు అడుగుతుంది. మీటను ఎవరూ ముట్టుకోలేదు, రీలు చెడిపోలేదు.

దీనికి నీరు తోడవుతుంది. చేప ఒక దిక్కుకు పరుగెత్తి హఠాత్తుగా పక్కకు తిరిగితే, వెనక ఉన్న మూడు నాలుగు వందల మీటర్ల దారం నీళ్ళలో విల్లులా వంగి అడ్డంగా ఈడ్చుకుపోతుంది. అడ్డంగా కదిలే దారాన్ని నీరు గట్టిగా ఆపుతుంది. వేగం రెట్టింపైతే ఆ అడ్డు నాలుగింతలవుతుంది. దారం మందం పెరిగితే అడ్డూ పెరుగుతుంది. ఈ లాగుడు రీలు దగ్గర ఉన్నవాడికి తెలియదు. అతని చేతికి తెలిసేది జారుపట్టు బిగువు మాత్రమే, చేప నోటి దగ్గర దారం అంతకన్నా చాలా ఎక్కువ భరిస్తూ ఉంటుంది.

చేప దూరంగా పరుగెత్తుతుంటే కొత్తవాళ్ళు భయపడి మీటను ముందుకు తోస్తారు. దారం అయిపోతుందేమోనన్న ఆ భయం సహజమే. కానీ అప్పుడు చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. దారం సగం పోయాక మీటను కొద్దిగా వెనక్కి తేవాలి. సన్నబడిన చుట్టు, నీటి అడ్డు కలిసి ఆ బిగువును ఎలాగూ పెంచుతాయి.

పెద్ద రీళ్ళ కండెలు అంత వెడల్పుగా, లోతుగా ఎందుకుంటాయో దీన్ని బట్టి అర్థమవుతుంది. ఎక్కువ దారం పట్టడం ఒక లాభం. 300 మీటర్లు పోయినా చుట్టు వెడల్పు పెద్దగా తరగకపోవడం అంతకు మించిన లాభం. అవసరమైన దారం సరిగ్గా పట్టే చిన్న రీలు చేతికి తేలిగ్గా ఉంటుంది నిజమే, కానీ మొదటి పరుగులోనే దాని బిగువు అదుపు తప్పుతుంది.

మరొకటి వేడి. చేప చేసే పనంతా ఆ పలకల మధ్య వేడిగా మారుతుంది. తెరచేప, మార్లిన్ వంటివి గంటకు వంద కిలోమీటర్ల పైనే ఈదుతాయని పాత పుస్తకాలు రాశాయి. తెరచేపల మీద ఇటీవల జరిగిన కొలతలు అంత వేగాన్ని ఒప్పుకోవడం లేదు, సెకనుకు ఎనిమిది మీటర్ల ప్రాంతంలో అత్యధిక వేగాన్ని నమోదు చేశాయి. అదీ తక్కువేం కాదు. పది కిలోల బిగువు మీద చేప సెకనుకు పది మీటర్ల వేగంతో దారం లాగిందనుకుంటే, బ్రేకులో పుట్టే వేడి దాదాపు వెయ్యి వాట్లు. ఇంట్లో బట్టలకు వాడే ఇస్త్రీపెట్టె కూడా సుమారు అంతే. పరుగు సాగినంతసేపూ ఆ రీలు లోపల ఒక ఇస్త్రీపెట్టె వెలిగి ఉంటుందన్న మాట. ఇస్త్రీపెట్టెకు వేడెక్కితే ఆగిపోయే మీట ఉంటుంది, చేపకు అలాంటిదేమీ లేదు. ఇస్త్రీపెట్టె అడుగున బరువైన లోహపు పలక ఉన్నట్టే, మంచి రీలులోనూ ఆ వేడిని పీల్చుకుని బయటికి పంపే లోహం తగినంత ఉండాలి. చిన్న బ్రేకు అదే వేడికి త్వరగా కాలిపోతుంది. దాని బిళ్ళలు మెరుగెక్కి నున్నబడితే పట్టు జారుతుంది, ఒకచోట అతుక్కుంటే దారం తెగుతుంది.

అతుక్కోవడం మరీ ప్రమాదం. నిలిచి ఉన్న బిళ్ళను కదపడానికి కావలసిన బలం, కదులుతున్న బిళ్ళను కదుపుతూ ఉండడానికి కావలసిన దానికన్నా ఎక్కువ. ఈ రెంటి మధ్య తేడా ఎంత తక్కువైతే రీలు అంత మంచిది. తేడా ఎక్కువైతే దారం సాఫీగా రాకుండా కుదుపులుగా వస్తుంది, ప్రతి కుదుపూ దారాన్ని కొట్టినట్టే. తోలు బిళ్ళల స్థానంలో కార్బన్ నారతో నేసిన బిళ్ళలు రావడానికి ఇదే ముఖ్య కారణం. అవి వేడికి తట్టుకుంటాయి, నిలిచినప్పుడూ జారేటప్పుడూ దాదాపు ఒకే పట్టు చూపిస్తాయి. రీలు కొనేవాడు డబ్బా మీద రాసిన ‘గరిష్ఠ బిగువు 30 కిలోలు’ అన్న అంకెను చూసి మురిసిపోనక్కర్లేదు. త్రాసు తగిలించి మెల్లగా లాగి చూడాలి. ముల్లు ఒకచోట నిలకడగా ఉంటే ఆ రీలు నమ్మదగినది, పైకీ కిందికీ ఊగుతుంటే కాదు.

మూడు రకాల దారం

గ్లాసెల్ కాలానికి ముందు సముద్రపు గేలాలకు అవిసెనార దారమే ఆధారం. సన్నని పోగులను పేని చేసేవాళ్ళు, పోగుల సంఖ్యే దాని కొలత. పోగుకు మూడు పౌండ్ల చొప్పున లెక్క. తడిస్తే దాని బలం పెరిగేది, కానీ ఉప్పునీటిలో వాడాక మంచినీటితో కడిగి ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేది. అందుకే రోజూ వేట ముగిశాక వందల గజాల దారాన్ని విప్పి ఆరేసేవాళ్ళు.

డ్యుపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో నైలాన్‌ను తయారుచేసింది. పేనిన పోగులు కాకుండా ఒకే పోగుగా లాగిన నైలాన్ దారం కొన్నేళ్ళకు గేలాలకు వచ్చింది. దాని గొప్ప గుణం సాగడం. తెగే ముందు తన పొడవులో నాలుగో వంతు దాకా సాగగలదు. పెద్ద చేప హఠాత్తుగా తల విదిలించినా, పడవ అలమీద ఎగిరినా ఆ కుదుపును సాగుడు మింగేస్తుంది. పడవ వెనక ఎరలను ఈడుస్తూ మార్లిన్ కోసం తిరిగేవాళ్ళు ఇప్పటికీ నైలాన్‌ను వదలకపోవడానికి కారణం ఇదే. అది ఏమరుపాటును క్షమిస్తుంది. రాళ్ళకు ఒరుసుకున్నా కొంత ఓర్చుకుంటుంది. ధర తక్కువ కాబట్టి తరచుగా మార్చుకోవచ్చు.

లోపాలూ అక్కడే ఉన్నాయి. నైలాన్ నీటిని పీల్చుకుని కొంత బలం కోల్పోతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. 300 మీటర్ల దారం బయట ఉండి పది శాతం సాగితే 30 మీటర్లు సాగినట్టు. లోతులో ఉన్న చేపను ఒక మీటరు పైకి లేపడానికి మనిషి ఎన్నోసార్లు కర్ర ఎత్తాల్సి వస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి మందం. 37 కిలోల నైలాన్ దారం సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. నీటి అడ్డు ఎక్కువ, కండె మీద చోటు ఎక్కువ కావాలి.

నెదర్లాండ్స్‌లోని డి.ఎస్.ఎం. సంస్థ పరిశోధకులు 1970ల చివర పాలిథీన్ నుంచి అసాధారణ బలమున్న నారను వడికే పద్ధతి కనుక్కున్నారు. సంచులు చేసే పాలిథీన్ కుటుంబమే, కానీ ఇందులో అణువుల గొలుసులు ఎన్నో రెట్లు పొడవు, అవన్నీ ఒకే దిశలో సాగదీసి ఉంటాయి. డైనీమా, స్పెక్ట్రా పేర్లతో దొరికే ఆ నారను నాలుగు, ఎనిమిది, పన్నెండు పోగులుగా జడలా అల్లితే అల్లిక దారం. అదే బలానికి మందం నైలాన్‌లో సగమే. మందం సగమైతే చుట్టు ఆక్రమించే చోటు నాలుగో వంతుకు తగ్గుతుంది, కాబట్టి అదే కండె మీద నాలుగింతల దారం పడుతుంది. పెద్ద ట్యూనాకు చేతిలో పట్టుకోదగ్గ రీళ్ళు సరిపోయే రోజులు ఈ అల్లిక దారం వల్లే వచ్చాయి.

కానీ ఇది సాగదు. తెగే ముందు మూడు నాలుగు శాతం మాత్రమే. కుదుపు వస్తే మింగడానికి ఏమీ లేదు, అంతా ముడి మీద, కర్ర మీద, చేప నోట్లోని గేలం మీద పడుతుంది. జారుపట్టు అతుక్కునే రకమైతే అల్లిక దారం ఆ లోపాన్ని వెంటనే బయటపెడుతుంది. ఇది దాదాపు 145 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కూడా. ముడి బిగించేటప్పుడు తడపకపోతే ఆ ఒరిపిడి వేడికే నార దెబ్బతింటుంది. నున్నగా ఉండడం వల్ల ఖాళీ కండె మీద నేరుగా చుడితే మొత్తం చుట్టు గుండ్రంగా జారిపోతుంది, జారుపట్టు పాడైందేమో అనిపిస్తుంది. అందుకే అడుగున కొన్ని చుట్లు నైలాన్ వేసి పైన దీన్ని చుడతారు. వదులుగా చుడితే చేప లాగినప్పుడు పై చుట్లు అడుగు చుట్లలోకి కోసుకుపోయి ఇరుక్కుంటాయి. పరుగు మధ్యలో అలా ఇరుక్కుంటే ఇక చేసేదేమీ ఉండదు. అల్లిక దారాన్ని కొన్న చోటే యంత్రం మీద, కనీసం కొన్ని కిలోల బిగువుతో చుట్టించుకోవడం మంచిది.

డబ్బాల మీద అంకెలు కూడా తికమక పెడతాయి. జపాన్ వాళ్ళు పి.ఇ. 6, పి.ఇ. 8 అని రాసేది మందం కొలత, బలం కాదు. ఒకే పి.ఇ. అంకెకు రెండు కంపెనీల దారాలు వేర్వేరు బరువులకు తెగవచ్చు. నైలాన్ డబ్బా మీద 80 పౌండ్లు అని ఉన్న దారం తరచూ అంతకన్నా ఎక్కువకు తెగుతుంది. కొనేవాడికి అది లాభమే. రికార్డుకు పోటీపడేవాడికి నష్టం, ఎందుకంటే 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేలపు క్రీడా సంఘం ఐ.జి.ఎఫ్.ఎ. దారాన్ని తడిపి పరీక్షిస్తుంది, చెప్పిన తరగతికి మించితే పై తరగతిలో వేస్తుంది. ఆ తరగతుల్లో అన్నిటికన్నా పైది 60 కిలోలు, అంటే 130 పౌండ్లు.

మూడోది ఫ్లోరోకార్బన్. జపాన్‌లోని కురేహా కంపెనీ 1970ల మొదట్లో తెచ్చిన ఈ దారం నీటికన్నా చాలా బరువు, కాబట్టి మునుగుతుంది. కాంతిని వంచే తీరులో నైలాన్ కన్నా నీటికి దగ్గరగా ఉంటుంది, అందుకే నీళ్ళలో అంతగా కనిపించదు. కండె నిండా చుట్టడానికి ఇది బిరుసు. గేలానికి ముందు కొన్ని మీటర్ల కొసదారంగా, ముఖ్యంగా కంటిచూపు చురుకైన ట్యూనాలకు వాడతారు. మార్లిన్‌కు మాత్రం దాని గరుకు కొమ్ము ఒరుసుకున్నా తెగని మందపాటి నైలాన్ కొసదారమే పనికొస్తుంది. ఆ రెండు మూడు మిల్లీమీటర్ల దారాన్ని ముడి వేయలేం, లోహపు గొట్టాలతో నొక్కి బిగిస్తారు.

చేప నడతను బట్టి

‘మంచి రీలు ఏది’ అని అడిగితే సరైన జవాబు రాదు. ఏ చేప, ఎలాంటి చోట అని అడగాలి.

నల్ల మార్లిన్ తగిలిన వెంటనే నీటిమీద ఎగురుతుంది, ఉపరితలం మీదే చాలా దూరం పరుగెత్తుతుంది. చుట్టూ తెరిపి సముద్రం, దారం కోసే రాళ్ళు లేవు. అక్కడ కావలసింది ఎక్కువ దారం, చేప పడవ వైపు తిరిగినప్పుడు సందు పడకుండా చుట్టుకునే వేగం, కుదుపులు మింగే నైలాన్. పడవ కూడా చేప వెంట పోగలదు. ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ దగ్గర 1966లో మొదటిసారి వెయ్యి పౌండ్లు దాటిన నల్ల మార్లిన్ చిక్కినప్పుడు వాడింది 80 పౌండ్ల దారమే. ఆ తరగతి చేప దగ్గర 80 పౌండ్ల దారం నెగ్గిందంటే, పడవ నడిపినవాళ్ళ నైపుణ్యానికీ అందులో సగం వాటా ఉంది.

నీలిరెక్కల ట్యూనా వేరు. దాని శరీరంలో చల్లని రక్తం, వెచ్చని రక్తం పక్కపక్కన ప్రవహించే సన్నని నాళాల జల్లెడ ఉంది, కండరాల వేడి బయటికి పోకుండా అది కాపాడుతుంది. అందువల్ల చల్లని లోతుల్లోనూ ఆ కండరాలు చురుగ్గా పనిచేస్తాయి. పరుగు ముగిశాక అది లోతుకు దిగి, పడవ కింద గుండ్రంగా తిరుగుతూ మొండికేస్తుంది. ఇక్కడ చుట్టే వేగంతో పని లేదు. పిడి ఒకసారి తిప్పితే కండె మూడుసార్లు తిరిగే రీలుతో, పదిహేను కిలోల బిగువు మీద, మనిషి చేయి కదలనే కదలదు. అందుకే రెండు వేగాల రీళ్ళు పుట్టాయి. చిన్న బొత్తాం నొక్కితే పిడి ఒక చుట్టుకు కండె కూడా ఒక చుట్టుకు కాస్త ఎక్కువే తిరుగుతుంది. దారం నిదానంగా వస్తుంది, కానీ వస్తుంది. కెనడాలోని నోవా స్కోషియా తీరంలో 1979లో చిక్కిన 679 కిలోల ట్యూనా ఇప్పటికీ ఆ జాతిలో రికార్డు. అలాంటి చేపల కోసం వెళ్ళేవాళ్ళు రీలు కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఈ తక్కువ వేగపు చక్రాన్నే.

దిబ్బల దగ్గర పెద్ద పార చేపకు ఈ రెండు లెక్కలూ చెల్లవు. అండమాన్ దీవుల చుట్టూ, జపాన్ దక్షిణ దీవుల దగ్గర ఉండే ఈ చేప పగడపు దిబ్బ అంచునే ఎరను కొడుతుంది, వెంటనే దిబ్బ సందుల్లోకి దూకుతుంది. ముప్పై మీటర్లు వదిలితే దారం పగడానికి తగిలి తెగినట్టే. జారుపట్టును పన్నెండు, పదిహేను కిలోల దాకా బిగించి మొదటి కొన్ని సెకన్లలోనే తల తిప్పించాలి. ఎరను చేత్తో పదే పదే దూరంగా విసరాలి కూడా. అందుకే ఇక్కడ కండె తిరగకుండా నిలిచి ఉండే రీలు, దాని మీద మందపాటి అల్లిక దారం వాడతారు. ఆ రకం రీలులో దారం చిన్న చక్రం మీద లంబకోణంలో మలుపు తిరుగుతుంది, బలం చాలావరకు ఆ మలుపు దగ్గర పడుతుంది. అందుకే ఇందులో చవకరకం కొంటే పెద్ద చేపకు నిలవదు. వంగే చట్రం, అరిగే చక్రం ముందు చెడిపోతాయి.

ఉప్పు గురించి ఒక మాట. సముద్రపు నీరు ఆరిపోయినా ఉప్పు స్ఫటికాలు బేరింగుల్లో, బిళ్ళల మధ్య మిగులుతాయి, మళ్ళీ తేమ తగలగానే అల్యూమినియాన్ని తినడం మొదలుపెడతాయి. వేట ముగిశాక జారుపట్టును బిగించి, మంచినీటిని సన్నగా చల్లి తుడవాలి. గట్టిగా పిచికారీ చేస్తే ఉప్పునీరే లోపలికి పోతుంది. తుడిచాక జారుపట్టును పూర్తిగా వదులు చేసి దాచాలి, లేకపోతే బిళ్ళలు నలిగి ఒకదానికొకటి అంటుకుపోతాయి.

పోరాటం ఎంతసేపు?

సన్నని దారంతో పెద్ద చేపను పట్టడం గొప్పతనమని ఈ క్రీడలో చాలాకాలం నమ్మకం ఉంది. చేప వైపు నుంచి చూస్తే అది మంచిది కాదు. గంటల తరబడి పరుగెత్తిన చేప తెల్ల కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, రక్తం ఆమ్లమవుతుంది. వదిలేసినా చాలాసార్లు కోలుకోదు. అలసిన చేప వాసనను, కదలికను సొరచేపలు పసిగడతాయి. జేన్ గ్రే అనే అమెరికన్ రచయిత 1930లో తాహితీ దగ్గర వెయ్యి పౌండ్లు దాటిన మార్లిన్‌ను పట్టాడు. వెయ్యి పౌండ్లు దాటిన చేపను రీలుతో తేవడం అదే మొదటిసారి. కానీ పడవకు చేరేలోపే సొరచేపలు దాని శరీరంలో కొంత భాగం కొరికేశాయి.

కాబట్టి ఎంపిక చేసేవాళ్ళు ఒక మెట్టు ఎక్కువ తరగతి వైపే మొగ్గడం మేలు. 37 కిలోల దారంతో కూడా చేప చిక్కుతుందనుకున్న చోట 60 కిలోల దారం, దానికి తగ్గ రీలు, ఇరవై కిలోల బిగువు పెట్టుకుంటే పోరాటం బాగా తగ్గుతుంది. మనిషి నడుముకు కట్టే పట్టీ, కూర్చునే కుర్చీ కూడా అప్పుడు దానికి తగ్గట్టు ఉండాలి, ఎందుకంటే ఆ బిగువును చేతులు మోయలేవు. కెయిర్న్స్ దగ్గర పెద్ద మార్లిన్ల కోసం వెళ్ళే పడవలు ఇవాళ ఈ బరువైన తరగతినే ఎక్కువగా వాడుతున్నాయి. చేపను త్వరగా పడవ పక్కకు తెచ్చి, వెన్ను దగ్గర గుర్తుబిళ్ళ గుచ్చి, కొసదారం కోసి వదిలేస్తారు. న్యూ సౌత్ వేల్స్ మత్స్యశాఖ 1973లో మొదలుపెట్టిన గుర్తుబిళ్ళల పథకంలో అన్నిటికన్నా ఎక్కువగా నమోదైన చేపల్లో నల్ల మార్లిన్ ఒకటి. అలా వదిలిన చేపల్లో కొన్ని ఏళ్ళ తర్వాత వేల కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్‌లోని వేరే దేశాల పడవల గేలాలకు మళ్ళీ చిక్కి, ఒంటిమీద అదే బిళ్ళతో దొరికాయి.